ప్రజాసేవను జీవితంగా ఎంచుకునేవారికి: సమస్య ఎంపిక నుంచి బాధ్యతల అప్పగింత దాకా

ప్రజాసేవలో స్థిరపడాలనుకునేవారు సాధారణంగా మొదట అడిగేది ఏ దారిలో వెళ్తే ఏ పదవి దక్కుతుందని. పోటీ పరీక్షలు రాయాలా, న్యాయశాస్త్రం చదవాలా, స్వచ్ఛంద సంస్థలో చేరాలా, పార్టీ సభ్యత్వం తీసుకోవాలా అన్న తర్జనభర్జనలోనే ఏళ్లు గడిపేవారు ఎందరో ఉన్నారు. ఈ రంగంలో నిలిచిపోయే పని చేసినవారి జీవితాలను పక్కపక్కన పెట్టి చదివితే మాత్రం ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. వారు పదవులు మారారు, సంస్థలు మారారు, కొందరు ప్రభుత్వం లోపలి నుంచి బయటికి వచ్చారు, మరికొందరు బయటి నుంచి లోపలికి వెళ్లారు. పట్టుకున్న సమస్యను మాత్రం వదలలేదు. ఈ మార్గదర్శికి ఆధారం ఆ పరిశీలనే. అడుగులను వరుసగా రాసినా ఆచరణలో రెండు మూడు ఒకేసారి నడుస్తాయి. మూడో అడుగునూ నాలుగో అడుగునూ మాత్రం ఎంత తొందర ఉన్నా దాటవేయకూడదు.

మొదటి అడుగు: పదవి కంటే ముందు సమస్యను ఎంచుకోండి

1911 మార్చి 25న న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ దుస్తుల ఫ్యాక్టరీలో మంటలు చెలరేగి 146 మంది కార్మికులు మరణించారు. వారిలో అత్యధికులు యువతులు. బయటికి వెళ్లే తలుపుకు తాళం వేసి ఉండటం, అగ్నిమాపక నిచ్చెనలు ఫ్యాక్టరీ ఉన్న పై అంతస్తుల దాకా అందకపోవడం వల్ల చాలామంది కిటికీల నుంచి దూకి ప్రాణాలు కోల్పోయారు. ఆ దృశ్యాన్ని వీధిలో నిలబడి చూసినవారిలో ఫ్రాన్సెస్ పెర్కిన్స్ ఒకరు. అప్పటికే ఆమె వినియోగదారుల సంఘం తరఫున మహిళా కార్మికుల పనిగంటల మీద పని చేస్తున్నారు. ఆ తర్వాత ఆమె భద్రతా కమిటీలో, ఫ్యాక్టరీల విచారణ కమిషన్‌లో, రాష్ట్ర కార్మిక శాఖలో పని చేసి, 1933లో అమెరికా కార్మిక మంత్రి అయి 1945 దాకా కొనసాగారు. ఆ దేశ మంత్రివర్గంలో స్థానం పొందిన తొలి మహిళ ఆమే. ఇన్ని పదవులలోనూ ఆమె పట్టుకున్నది ఒకే ప్రశ్న: పని చేసే మనిషికి రక్షణ ఏది?

మీరు ఎంచుకునే సమస్యను మూడు ప్రశ్నలతో పరీక్షించుకోవాలి. దీనివల్ల నష్టపోతున్న మనుషులను పేర్లతో చెప్పగలనా? ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటే ఈ పరిస్థితి మారుతుంది? పదేళ్లు గడిచినా దీని మీద పని చేయడానికి నాకు ఓపిక ఉంటుందా? ‘విద్య’ అన్నది ఒక రంగమే తప్ప సమస్య కాదు. ‘ఫలానా వాడలో ఐదో తరగతి తర్వాత ఆడపిల్లలు బడి మానేస్తున్నారు, ఎందుకంటే పై తరగతుల బడి దూరంగా ఉంది’ అన్నది సమస్య. రాజనీతిశాస్త్ర ఆచార్యులైన శాంతా సిన్హా ఎం.వి. ఫౌండేషన్ ద్వారా బాలల మధ్య పని చేసినప్పుడు, బడిలో లేని ప్రతి బిడ్డనూ బాలకార్మికుడిగానే పరిగణించాలన్న కచ్చితమైన నిర్వచనం మీద నిలబడ్డారు. ప్రమాదకరమైన పనుల నుంచి పిల్లలను తప్పిస్తే చాలు, మిగిలినవారికి రాత్రిబడులు సరిపోతాయని చాలామంది భావిస్తున్న కాలమది. ఆ నిర్వచనం వల్ల ఎవరిని కలవాలో, ఏమి అడగాలో, పని పూర్తయిందని ఎప్పుడు చెప్పాలో సంస్థలోని ప్రతి కార్యకర్తకూ తెలిసింది.

రెండో అడుగు: ప్రవేశ ద్వారాన్ని నిర్ణయించుకోండి

ప్రభుత్వ ఉద్యోగం, న్యాయవాద వృత్తి, కార్మిక సంఘం, విశ్వవిద్యాలయం, పత్రికారంగం, స్వచ్ఛంద సంస్థ – ఏ ద్వారం నుంచైనా లోపలికి రావచ్చు. ఒక్కో చోట ఒక్కో నైపుణ్యం అబ్బుతుంది. ప్రభుత్వంలో పని చేసినవారికి ఫైలు ఎలా కదులుతుందో, ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. న్యాయవాదికి సాక్ష్యం విలువ తెలుస్తుంది. కార్మిక సంఘంలో పెరిగినవారికి సభను నడపడం, కోపంగా ఉన్న మనుషులను ఒక తీర్మానం దాకా తీసుకురావడం తెలుస్తుంది.

అరుణా రాయ్ 1968లో ఐఏఎస్‌లో చేరి, 1970ల మధ్యలో రాజీనామా చేసి రాజస్థాన్ గ్రామాలకు వెళ్లారు. ఎస్.ఆర్. శంకరన్ అదే సర్వీసులో పదవీ విరమణ దాకా ఉండి, వెట్టిచాకిరీ నుంచి కూలీలను విడిపించే పనికి, దళిత గిరిజన సంక్షేమానికి తన అధికారాన్ని వినియోగించారు. విరమణ తర్వాత కూడా ఆయన పౌరసమాజంలో పని కొనసాగించారు. వీరిద్దరిలో ఎవరి దారి సరైనదన్న చర్చ అనవసరమని నా అభిప్రాయం. ప్రస్తుతం ఉన్న చోటు నుంచి మీరు ఎంచుకున్న సమస్య మీద వచ్చే రెండేళ్లలో ఏమి చేయగలరో ఒక కాగితం మీద రాసుకోండి. రాయడానికి ఏమీ మిగలకపోతే చోటు మారే సమయం వచ్చిందని అర్థం. రాయగలిగినంత కాలం ఉన్న చోటే ఉండి పని చేయడం మేలు.

మూడో అడుగు: బాధితుల దగ్గర కూర్చోండి, ముందుగా వినండి

ఈ అడుగును అందరూ గౌరవంగా ప్రస్తావిస్తారు, చాలా కొద్దిమంది ఆచరిస్తారు. సర్వే పత్రం పట్టుకుని ఒకసారి వెళ్లి రావడం వినడం కాదు.

సీజర్ చావెజ్ కాలిఫోర్నియాలో పదేళ్లు ఒక సామాజిక సేవా సంస్థలో పని చేశారు. వ్యవసాయ కూలీలను సంఘటితం చేసే ప్రతిపాదనను ఆ సంస్థ అంగీకరించకపోవడంతో 1962లో ఉద్యోగం వదిలి, డొలోరెస్ హుయెర్టాతో కలిసి కూలీల సంఘాన్ని ప్రారంభించారు. వారు పెద్ద బహిరంగ సభలతో మొదలుపెట్టలేదు. ఒక కూలీ ఇంట్లో కొద్దిమంది బంధువులు, ఇరుగుపొరుగువారు కూర్చుని మాట్లాడుకునే చిన్న సమావేశాలే వారి పద్ధతి. సభ్యులు చందా చెల్లించారు. సభ్యుల కుటుంబంలో ఎవరైనా మరణిస్తే అంత్యక్రియల ఖర్చుకు బీమా ఏర్పాటు జరిగింది. సమ్మె కంటే ముందు నిర్మించినది ఈ పరస్పర నమ్మకాన్నే. 1965లో ద్రాక్షతోటల సమ్మెను ఫిలిప్పీన్స్ మూలాలున్న కూలీలు ప్రారంభించినప్పుడు వీరి సంఘం అందులో చేరింది, ఒప్పందాలు కుదరడానికి 1970 దాకా పట్టింది. ఐదేళ్లు నిలబడగలిగే సంఘాన్ని కరపత్రాలతో తయారు చేయలేము.

ఇంటి సమావేశాన్ని మీరు కూడా నిర్వహించవచ్చు. ఎనిమిది, పది మందికి మించకుండా పిలవాలి. పిలుపు మీ పేరుతో కాకుండా ఆ ఇంటివారి పేరుతో వెళ్లాలి. పని ముగించుకుని వచ్చే సమయం స్త్రీలకూ పురుషులకూ వేరుగా ఉంటుంది కనుక సమయాన్ని వారినే నిర్ణయించమనాలి. మొదటి గంట మీరు రెండే ప్రశ్నలు అడగాలి: ‘ఈ విషయంలో మీకు చివరిసారి ఏమి జరిగింది?’, ‘అప్పుడు మీరు ఎవరి దగ్గరికి వెళ్లారు?’ మొదటి ప్రశ్నకు వచ్చే సమాధానం సమస్యను చూపిస్తుంది, రెండో ప్రశ్నకు వచ్చే సమాధానం ఆ ప్రాంతంలో నిజంగా పలుకుబడి ఉన్నది ఎవరికో చూపిస్తుంది. విన్నదాన్ని వారి మాటల్లోనే రాసుకుని, లేచేముందు చదివి వినిపించి, తప్పులుంటే దిద్దమని కోరాలి. పేరు బయటపెట్టవద్దన్నవారి పేరును నోటుపుస్తకంలో కూడా రాయకూడదు. సమావేశంలో అందరికంటే తక్కువ మాట్లాడిన వ్యక్తిని మరునాడు విడిగా కలవండి. సభలో చెప్పడానికి వీలు కాని విషయాలు తరచుగా అక్కడే బయటపడతాయి.

అన్నిటికంటే ముఖ్యంగా, నెరవేర్చలేని హామీ ఒక్కటి కూడా ఇవ్వకూడదు. ‘కనుక్కుని వచ్చే వారం చెబుతాను’ అన్న మాట ఇస్తే, కనుక్కోలేకపోయినా సరే, వచ్చే వారం వెళ్లి ఆ మాటే చెప్పాలి.

నాలుగో అడుగు: కాగితాన్ని క్షుణ్ణంగా నేర్చుకోండి

ప్రజల ఆవేదన నిజమైనంత మాత్రాన అధికార యంత్రాంగం కదలదు. చట్టం ఏమంటున్నది, నియమావళి ఏమంటున్నది, బడ్జెట్‌లో ఎంత కేటాయించారు, ఖర్చు ఎవరి సంతకంతో జరిగింది అన్నవి తెలిసినప్పుడు ఆవేదన ఆధారంగా మారుతుంది.

దీనికి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ చరిత్ర కంటే మంచి పాఠం నాకు తెలియదు. 1990లో ఏర్పడిన ఈ సంస్థలో అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్‌లతో పాటు అనేకమంది గ్రామీణ కూలీలు, రైతులు ఉన్నారు. ప్రభుత్వ పనులలో కూలీలకు కనీస వేతనం అందడం లేదని అడిగితే, పని పూర్తిగా చేయలేదని రికార్డులలో ఉన్నదన్న సమాధానం వచ్చేది. రికార్డులు చూపమంటే అవి రహస్యమనేవారు. 1994 డిసెంబరులో కోట్ కిరానా గ్రామంలో జరిగిన బహిరంగ విచారణలో, అప్పటికే సంపాదించిన మస్టర్ రోల్స్‌ను (కూలీల హాజరు పట్టికలను), బిల్లులను ఊరందరి ముందు బిగ్గరగా చదివారు. ఎవరి పేరు మీద ఎన్ని రోజుల కూలీ రాశారో వినిపించగా, ఆ మనుషులే లేచి తాము ఆ పనికి వెళ్లనేలేదని చెప్పారు. అక్షరం రాని కూలీ కూడా ఆ క్షణంలో లెక్కల తనిఖీదారు అయ్యాడు. 1996లో బ్యావర్ పట్టణంలో నలభై రోజుల ధర్నా, ఆపైన దేశవ్యాప్త ప్రచారం, చివరికి 2005లో సమాచార హక్కు చట్టం ఆ వరుసలో వచ్చాయి.

బెజవాడ విల్సన్, ఆయన నాయకత్వంలోని పారిశుద్ధ్య కార్మికుల ఉద్యమం సఫాయి కర్మచారీ ఆందోళన్ చేసిన పని కూడా ఇటువంటిదే. చేతులతో మలం ఎత్తించే పనిని నిషేధిస్తూ 1993లోనే చట్టం వచ్చినా, అటువంటి పని తమ పరిధిలో లేనే లేదని ప్రభుత్వాలు చెబుతూ వచ్చాయి. 2003లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసిన కార్యకర్తలు పొడి మరుగుదొడ్లు (నీటితో శుభ్రమయ్యే ఏర్పాటు లేనివి) ఎక్కడెక్కడ ఉన్నాయో, వాటిని శుభ్రం చేస్తున్నది ఎవరో వివరాలతో, ఫొటోలతో నమోదు చేసి కోర్టు ముందు పెట్టారు. 2013లో మరింత సమగ్రమైన చట్టం వచ్చింది, 2014లో తీర్పు వచ్చింది. ‘లేదు’ అన్న అధికారిక సమాధానాన్ని ఫలానా చోట, ఫలానా తేదీన ఉన్నదన్న నమోదుతో ఎదుర్కొన్న తీరు ఈ రంగంలోకి వచ్చే ప్రతివారూ అధ్యయనం చేయవలసినది.

మీ పనికి ఒక ఫైలు తెరవండి. ప్రతి అర్జీకి రెండు ప్రతులు తీసుకుని, రెండోదాని మీద కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకోవాలి. నోటి మాటగా ఇచ్చిన హామీని అదే రోజు ‘నేటి సమావేశంలో మీరు ఇలా చెప్పారు’ అంటూ ఉత్తరం రూపంలో ఆ అధికారికి పంపాలి. ఖండించకపోతే అది రికార్డు అవుతుంది. ఫొటో తీసిన చోటు, తేదీ, తీసినవారి పేరు వెనుక రాయాలి. అంకె ఎక్కడి నుంచి వచ్చిందో రాయని పేజీని ఎవరికీ ఇవ్వకూడదు, ఎందుకంటే వంద నిజాల మధ్య దొరికిన ఒక్క తప్పు అంకె మొత్తం వాదనను పక్కన పెట్టడానికి అవకాశమిస్తుంది. సంబంధిత చట్టాన్ని వ్యాఖ్యానాలలో కాకుండా మూలంలో, చివరి షెడ్యూలు దాకా చదవాలి. ఎవరికి దరఖాస్తు చేయాలి, ఎన్ని రోజులలో జవాబు రావాలి, రాకపోతే అప్పీలు ఎవరికి అన్న మూడు వివరాలనూ ఒక పేజీలో రాసి, సంఘంలోని ప్రతి సభ్యుడికీ అర్థమయ్యేలా చెప్పాలి. అది మీ తలలో మాత్రమే ఉంటే జనం మీ మీద ఆధారపడతారు, వారి చేతిలో ఉంటే తామే వెళ్లి అడుగుతారు.

ఐదో అడుగు: నిర్ణయాధికారం ఉన్నవారిని కలవండి, వీలైతే వారినే అక్కడికి తీసుకువెళ్లండి

ప్రతి సమస్యకూ ‘సరే’ అనగలిగే వ్యక్తి ఒకరుంటారు. ఆ వ్యక్తి ఎవరో కచ్చితంగా గుర్తించకుండా వినతిపత్రాలు పంచడం శ్రమను వృథా చేసుకోవడమే. ఆ నిర్ణయాన్ని ప్రభావితం చేయగల సలహాదారు, కింది స్థాయి అధికారి, తోటి ప్రజాప్రతినిధి ఎవరెవరో కూడా తెలుసుకోవాలి.

న్యూయార్క్ విచారణ కమిషన్‌లో ఉన్న శాసనసభ్యులకు పెర్కిన్స్ నివేదికలు ఇచ్చి ఊరుకోలేదు. రాబర్ట్ వాగ్నర్ అనే సెనేటరును ఒక ఫ్యాక్టరీకి తీసుకువెళ్లి, అక్కడ అగ్నిప్రమాద మార్గంగా చూపిస్తున్న గోడ కంత గుండా ఆయన స్వయంగా పాకి బయటికి వచ్చేలా చేశారు. ఆ కంత అవతల మంచు పట్టిన నిటారు ఇనుప నిచ్చెన ఉంది, అది నేలకు పన్నెండు అడుగుల ఎత్తులోనే ఆగిపోయింది. ఆ తర్వాత అగ్ని నివారణ చట్టాల అవసరాన్ని ఆయనకు ఎవరూ వివరించవలసిన పని లేకపోయింది.

సమావేశానికి వెళ్లేటప్పుడు ఒకే కోరికతో, ఒకే పేజీతో వెళ్లాలి. బాధితులలో కనీసం ఇద్దరు మీతో ఉండాలి, మొదట మాట్లాడేది వారే కావాలి. ఎవరు ఏమి చెప్పాలో ముందు రోజు సాధన చేయించాలి, అయితే వారి మాటలను మీ మాటలతో మార్చకూడదు. అధికారి ‘చూద్దాం’ అంటే ‘ఎప్పటిలోగా తెలియజేస్తారు?’ అని మర్యాదగా అడిగి తేదీ తీసుకోవాలి. మంచి పని చేసిన అధికారికి రాతపూర్వకంగా కృతజ్ఞత తెలపడం, ఆ లేఖ ప్రతిని పై అధికారికి పంపడం చిన్న విషయంగా కనిపించినా, నిజాయితీగల ఉద్యోగికి అది నిజమైన అండ.

ఆరో అడుగు: రాజీ ఎక్కడ, పట్టు ఎక్కడ

1912లో మహిళల పని వారానికి 54 గంటలు మించరాదన్న బిల్లు న్యూయార్క్ శాసనసభలో ఉన్నప్పుడు, పండ్లు, కూరగాయలను డబ్బాలలో నిల్వచేసే పరిశ్రమను మినహాయిస్తేనే అది గట్టెక్కే పరిస్థితి ఏర్పడింది. మినహాయింపుకు ఒప్పుకోవద్దన్నది పెర్కిన్స్ సంస్థ వైఖరి. ఆమె ఆ క్షణంలో ఒప్పుకున్నారు, మిగిలిన పరిశ్రమలలోని స్త్రీలకు చట్టం దక్కింది.

ఇటువంటి నిర్ణయానికి సూత్రం లేదు కానీ, అడగవలసిన ప్రశ్నలున్నాయి. ఈ రోజు ఒప్పుకుంటే మిగిలినది రేపు అడిగే దారి తెరిచి ఉంటుందా, మూసుకుపోతుందా? మినహాయింపుకు గురైనవారు ఎవరు, వారి అభిప్రాయం తీసుకున్నామా? మన పేరు నిలబెట్టుకోవడానికి తిరస్కరిస్తున్నామా, వారి మేలు కోసమా? చివరి ప్రశ్న కష్టమైనది, దానిని తోటివారి సమక్షంలోనే వేసుకోవాలి. మనిషి గౌరవానికి సంబంధించిన విషయాలలో మాత్రం రాజీ ఉండకూడదని నేను దృఢంగా నమ్ముతాను. మలం ఎత్తే పనిని చేతి తొడుగులిచ్చి కొనసాగించడం మధ్యేమార్గం అనిపించుకోదు.

ఏడో అడుగు: సంస్థ, లెక్కలు, సొంత జీవనం

ఇలా భట్ 1955లో అహ్మదాబాద్ జౌళి కార్మిక సంఘంలో న్యాయవిభాగంలో చేరి, తర్వాత మహిళా విభాగానికి నాయకత్వం వహించారు. తోపుడుబండ్ల మీద అమ్మేవారు, మూటలు మోసేవారు, ఇళ్లలో కుట్టుపని చేసేవారు ఏ చట్టం కిందా కార్మికులుగా నమోదు కావడం లేదని గమనించి 1972లో ‘సేవ’ సంఘాన్ని స్థాపించారు. యజమాని లేనప్పుడు సంఘం ఎవరి మీద పోరాడుతుందని రిజిస్ట్రేషన్ కార్యాలయం అభ్యంతరం చెప్పింది. సంఘం ఉన్నది కార్మికుల ఐక్యత కోసమని వాదించి ఆమె నమోదు సాధించారు. 1974లో నాలుగు వేల మంది మహిళలు తలా పది రూపాయల వాటాధనంతో సొంత సహకార బ్యాంకు ప్రారంభించారు. సంస్థ ఎవరిదన్న ప్రశ్నకు ఆ పది రూపాయలే సమాధానం: సభ్యులు డబ్బు పెట్టిన సంస్థలో లెక్క అడిగే హక్కు సభ్యులదే.

చందా ఎంత చిన్నదైనా రశీదు ఇవ్వాలి. చెక్కు మీద రెండు సంతకాలు ఉండాలి, ఆ ఇద్దరూ బంధువులు కాకూడదు. జమాఖర్చులను మూడు నెలలకొకసారి సభలో చదివి వినిపించాలి. దాతల సొమ్ము తీసుకునేముందు, ఆ దాత రేపు నిధులు ఆపేస్తే ఏ పని ఆగుతుందో రాసుకోవాలి; ప్రధానమైన పనే ఆగేటట్లయితే ఆ నిధి మీద ఆధారపడకూడదు.

మీ సొంత జీవనం గురించి కూడా నిర్మొహమాటంగా ఆలోచించాలి. ఈ రంగంలో త్యాగాన్ని పొగడటం ఎక్కువ, జీతం గురించి మాట్లాడటం తక్కువ. ఇంటి ఖర్చు ఎవరు భరిస్తారో తేల్చుకోకుండా పూర్తికాలం పనిలోకి దిగినవారు కొన్నాళ్లకే వెనుదిరగడం వల్ల వారిని నమ్ముకున్న జనానికి ఎక్కువ నష్టం జరుగుతుంది. సంస్థ కార్యకర్తకు న్యాయమైన జీతం ఇవ్వడం, సెలవు ఇవ్వడం సేవాభావానికి విరుద్ధం కావు.

ఎనిమిదో అడుగు: పదవి ఎదురైనప్పుడు

పెర్కిన్స్ మంత్రి పదవికి ఒప్పుకునేముందు తాను చేయదలచిన పనుల జాబితాను అధ్యక్షుడు కాబోతున్న రూజ్‌వెల్ట్ ముందుంచి, వాటికి ఆయన మద్దతు ఉంటేనే వస్తానని చెప్పారు. కనీస వేతనం, పనిగంటల పరిమితి, నిరుద్యోగ భృతి, వృద్ధాప్య పింఛను, ఆరోగ్య బీమా అందులో ఉన్నాయి. 1935 నాటి సామాజిక భద్రతా చట్టంతో, 1938 నాటి కార్మిక ప్రమాణాల చట్టంతో ఆ జాబితాలో చాలా భాగం నెరవేరింది, ఆరోగ్య బీమా మాత్రం నెరవేరలేదు. ఎవరైనా మిమ్మల్ని కమిటీలోకో, కమిషన్‌లోకో, చట్టసభలోకో ఆహ్వానిస్తే మీరు కూడా ఇలాంటి జాబితా రాసి, చేరకముందే చూపించండి. చేరిన తర్వాత అడగడం చాలా కష్టం.

ఎన్నికలలో పోటీ చేయదలచినవారు వంగారి మాతాయి జీవితాన్ని చదవాలి. కెన్యాలో 1977లో హరిత వలయ ఉద్యమాన్ని ప్రారంభించిన ఆమె, 1982లో ఉప ఎన్నికలో నిలబడేందుకు విశ్వవిద్యాలయ ఉద్యోగానికి రాజీనామా చేశారు. సాంకేతిక కారణంతో అభ్యర్థిత్వం చెల్లదన్నారు, ఉద్యోగం కూడా తిరిగి ఇవ్వలేదు. ఆమె గ్రామీణ మహిళలతో మొక్కలు నాటించే పనినే పూర్తికాలం చేపట్టారు. 2002లో భారీ ఆధిక్యంతో పార్లమెంటుకు ఎన్నికై సహాయమంత్రి అయ్యారు, 2004లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు, 2007లో ఎన్నికలలో ఓడిపోయారు. గెలుపోటముల మధ్య ఆమెను నిలబెట్టినది నర్సరీలలోని ఆ మహిళల సంఘాలే. నామినేషన్ వేసేముందు ఓటరు నమోదు, అర్హత నిబంధనలు, రాజీనామా షరతులను న్యాయవాదితో కలిసి గీత గీతగా సరిచూసుకోండి. ఓడిపోతే మరునాడు ఉదయం ఎక్కడ పని చేస్తారో కూడా అప్పుడే నిర్ణయించుకోండి.

తొమ్మిదో అడుగు: బాధ్యతల అప్పగింత

1960 ఏప్రిల్‌లో అమెరికాలో వర్ణవివక్షకు వ్యతిరేకంగా నిరసనలు చేస్తున్న విద్యార్థులను ఎల్లా బేకర్ ఒకచోట సమావేశపరిచారు. అప్పటికి ఆమెకు పౌరహక్కుల సంస్థలలో రెండు దశాబ్దాల అనుభవం ఉంది. పెద్దల సంస్థలకు అనుబంధంగా ఉండవలసిన అవసరం లేదని, సొంత సంస్థ పెట్టుకుని సొంత నిర్ణయాలు తీసుకోవచ్చని ఆమె విద్యార్థులను ప్రోత్సహించారు. అలా ఏర్పడిన విద్యార్థి అహింసా సమన్వయ సంఘం దక్షిణ రాష్ట్రాలలో ఓటు హక్కు ఉద్యమానికి వెన్నెముకగా నిలిచింది.

అప్పగింత చివరి సంవత్సరంలో మొదలుపెట్టే పని కాదు. మొదటి సంవత్సరం నుంచే ప్రతి ముఖ్య సమావేశానికీ మీతో పాటు ఒక కొత్త వ్యక్తి రావాలి, ఏడాది తిరిగేసరికి ఆ సమావేశాన్ని ఆ వ్యక్తే నడపాలి. అధ్యక్ష పదవికి కాలపరిమితిని నియమావళిలో రాయించి, దానిని మొదట మీకే వర్తింపజేయాలి. దిగిపోయే రోజున కొత్తవారి చేతికి నాలుగు అందాలి: ముద్రలున్న అర్జీల ఫైలు, తాజా జమాఖర్చుల పుస్తకం, ఏ కార్యాలయంలో ఎవరితో ఏ మాట నడుస్తున్నదో తెలిపే పట్టిక, ప్రజలకు ఇచ్చి ఇంకా నెరవేర్చని హామీల జాబితా. నాలుగోదానిని దాచిపెట్టాలన్న కోరిక సహజం. దాచకుండా, ఆ హామీ ఎవరికి ఇచ్చారో వారి సమక్షంలోనే చదివి అప్పగించండి.